దవడలో రెండు గుండీలు

ఆ గుండీలు నాసిరకం సరుకని కొండలమ్మ తేల్చేసుకుంది. మాకవరపాలెం రోడ్డు గోతుల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో దవడని పట్టుకుని, నర్సీపట్నం వచ్చేదాకా కోడలు సత్యవేణి దగ్గర అదే పాట పాడింది.

"మంచి సరుకైతే రగతం ఎందుకొస్తాదే? వాసనెందుకొస్తాదే? పల్లెటూరోళ్ళం కదా అని ఏదో పాతది బిగించేసినాది."

"ఆ మాటేదో డాక్టరమ్మకే సెప్పు అత్తా. నా సెవిలో సెప్తే నీ సిగురు వాపు తగ్గిపోద్దేటి?"

"సెప్తాను. నాకేటి బయ్యం?"

భయమే. ఆ వారంలో వాళ్ళు ఆసుపత్రికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి వస్తే డాక్టరమ్మ ఏదో స్కూల్లో పిల్లల పళ్ళు చూడ్డానికి వెళ్ళింది. రెండోసారి కరెంటు లేదు, ఎక్స్‌రే తియ్యడం కుదరదన్నారు. వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ కొండలమ్మ కోపం ఒక మెట్టు ఎక్కింది, దాని కింద ఉన్న భయం రెండు మెట్లు ఎక్కింది. కోపాన్ని కోడలి మీద చూపించింది. భయాన్ని ఎవరికీ చూపించలేదు.

ఆమెకి కింది పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. మొదట్లో పెట్టించిన పళ్ళ సెట్టు నోరు తెరిస్తే లేచి నిలబడేది. ఇడ్లీ తినడానికైతే పర్వాలేదు గాని, కొండలమ్మకి పళ్ళు తినడానికి కాదు, చదవడానికి కావాలి. బడికి వెళ్ళని మనిషి. పకోడీల పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, నలభై ఏళ్ళు దాటాక చదువు పట్టుకుంది. పట్టుకున్నది వదలలేదు. పాత కాగితాల కొట్లో వారపత్రికల కట్టలు కొనుక్కుని, మధ్యాహ్నం పని తెమిలాక అరుగు మీద కూర్చుని తోటికోడలు రామాయమ్మకి గట్టిగా చదివి వినిపించేది. రామాయమ్మకి చూపు పోయింది. సీరియల్లో ఎవరు ఎవరిని వదిలి వెళ్ళారో, తిరిగి వచ్చారో లేదో ఆమెకి కొండలమ్మ నోటి నుంచే తెలియాలి. సెట్టు ఎగిరెగిరి పడే రోజుల్లో 'తండ్రి' అనబోతే 'హంఢ్రి' అని వచ్చేది. రామాయమ్మ నవ్వీ నవ్వీ ఒకరోజు, "ఒగ్గియ్యవే, నాను ఊహించేసుకుంటానులే," అంది. ఆ రోజు నుంచి కట్టలు అటక ఎక్కాయి.

పోయినేడు డాక్టర్ గౌతమి కింది దవడ ఎముకలో కుడివైపొకటి, ఎడమవైపొకటి రెండు మరలు దింపింది. అవి ఎముకతో కలిసిపోయాక చిగురు పైకి కనబడేలా ఒక్కోదాని మీద ఒక చిన్న లోహపు బొడిపె బిగించింది. సెట్టు అడుగున రెండు గుంటలున్నాయి. బొడిపెల మీద పెట్టి నొక్కితే టక్‌మని పట్టుకుంటుంది, రవికెకి కుట్టే టిచ్ బటన్‌లాగ. డాక్టరమ్మ వాటిని ఇంప్లాంట్లు, అబట్‌మెంట్లు అంది. ఇంట్లో అందరూ గుండీలంటారు. అవి వచ్చాక కట్టలు అటక దిగాయి.

ఇప్పుడా గుండీల చుట్టూ రక్తం.

ఆసుపత్రిలో పేరు పిలిచేసరికి పన్నెండు దాటింది. గౌతమి చిన్నపిల్ల, ముప్పై ఉంటాయేమో. మాస్కు పైన కళ్ళు అలసిపోయి ఉన్నాయి.

"సెట్టు తియ్యండి మామ్మగారూ."

"తియ్యడం ఎందుకమ్మా? అలగే సూసీ."

"అలా ఎలా చూస్తాను? తియ్యండి."

కొండలమ్మ రెండు బొటనవేళ్ళూ నోట్లో పెట్టి సెట్టు అంచు కింద తోసింది. రాలేదు. ఇంకోసారి తోసింది. చెమట పట్టింది.

"చివరిసారి ఎప్పుడు తీశారు?"

"తీత్తన్నాను."

"అదే, ఎప్పుడు?"

"తీత్తన్నానంతన్నాను కదమ్మా!"

గోడవార స్టూలు మీద కూర్చున్న సత్యవేణి ఊరుకోలేదు. "పడుకునేముందు తీసి గ్లాసులో ఎయ్యమన్నారు కదండీ మీరు? ఆ గ్లాసు ఇంతవరకూ నానెప్పుడూ సూళ్ళేదు."

కొండలమ్మ కోడలి వైపు ఉరిమి చూసింది. పగవాళ్ళు బయట ఎక్కడో ఉండరు, ఆటోలో పక్కనే కూర్చుని వస్తారు.

గౌతమి ఏదో పనిముట్టు తీసుకుని, సెట్టు చుట్టూ గట్టిపడిపోయిన పాచిని గీకి గీకి, మెల్లిగా కదిపి లేపింది. టక్. దానితోపాటు వాసన గదంతా నిండింది. సత్యవేణి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కొండలమ్మకి ఆ కుర్చీలోంచి దిగి, అబీద్ సెంటర్ దాకా నడిచి వెళ్ళి ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కి పోవాలనిపించింది.

డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. "మీరే చూసుకోండి."

గుండీల మొదట్లో తెల్లగా, పసుపుపచ్చగా పెచ్చులు కట్టి ఉంది. దాని చుట్టూ చిగురు పండిన జీడిపండులా ఎర్రగా ఉబ్బి ఉంది. గౌతమి సన్నటి పుల్లతో అలా తాకిందో లేదో రక్తం జారింది. ఎడమ గుండీ దగ్గర నొక్కితే చీము వచ్చింది.

"నొప్పి లేదు కదమ్మా," అంది కొండలమ్మ. పళ్ళు లేని మాట గాలిలో తేలిపోయింది.

"అదే దీంతో వచ్చిన చిక్కు. సొంత పన్నయితే నరం ఉంటుంది, ముందే గోల పెడుతుంది. ఇది గోల పెట్టదు. చిగురులో మొదలైంది ఎముకలోకి దిగిపోయినా మీకు తెలీదు."

ఎక్స్‌రే తీసి కంప్యూటర్ తెర మీద చూపించింది. బూడిదరంగు ఎముకలో రెండు తెల్లటి మరలు. కుడిదాని మెడ దగ్గర ఎముక కొంచెం కిందికి దిగింది. ఎడమదాని చుట్టూ మాత్రం లోతుగా, గుండ్రంగా పోయింది, మొక్క మొదట్లో పాదు తవ్వినట్టు. పాదు తవ్వితే ఎలా ఉంటుందో కొండలమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళు రోడ్డు పక్క నర్సరీలో జీడి అంట్లు కట్టిన చెయ్యి అది.

"ఇదంతా ఎముక పోయిన చోటు," అంది గౌతమి. "చెప్పాను కదా మామ్మగారూ! రోజూ తియ్యమన్నాను, మెత్తటి బ్రష్‌తో గుండీల చుట్టూ తొయ్యమన్నాను. చెప్పానా లేదా?"

"నువ్వే కదా ముట్టుకోవద్దన్నావు!"

"నేనా?"

"నువ్వే. ఇదే కుర్సీలో కూసోబెట్టి సెప్పినావు. 'నువ్వు అంట్లు కడతావు కదా, అలగే అనుకో, ఎముక పట్టుకున్నదాకా కదపకు, ఆ పక్క నమలకు, ఏలెట్టకు' అన్నావు. నాను ఏలెట్టినానేటి? నీ మాట తప్పినానేటి? ఇప్పుడు ముట్టుకోనందుకు తిడతన్నావు."

గౌతమి మాస్కు కిందికి లాగింది. కోపం ఆపుకుంటోందో నవ్వు ఆపుకుంటోందో తెలియలేదు. "అది మొదటి మూడు నెలలకి! గుండీలు బిగించిన రోజు మళ్ళీ చెప్పాను కదా, ఇంక రోజూ కడగాలని?"

చెప్పింది. కొండలమ్మకి గుర్తు లేకపోలేదు. చెప్పిన మొదట్లో తీసింది కూడా. తీసినప్పుడల్లా ఆ టక్‌మనే చప్పుడుకి గుండీ ఎముకలోంచి ఊడి చేతిలోకి వచ్చేసినట్టే అనిపించేది. పట్టుకున్నదాన్ని మళ్ళీ ఎందుకు కదపడం? డాక్టర్లు అన్నీ చెప్తారు. ఒక రోజు తియ్యలేదు, ఏమీ కాలేదు. మర్నాడూ తియ్యలేదు. తరవాత సెట్టు నోట్లోనే కాపురం పెట్టేసింది.

ఏదైనా చేతిలోంచి వదలడం ఆమెకి చాతకాదు. మొగుడు సింగన్న ఒక వానాకాలం పొద్దున్న కూలిపనికని కొయ్యూరు బస్సు ఎక్కాడు. వారంలో వచ్చేస్తానన్నాడు. జ్వరం తగిలి అక్కడే పోయాడు. అప్పటి నుంచి ఇంట్లోవాళ్ళు ఎవరు బస్సెక్కినా కొండలమ్మ కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడుతుంది. కండక్టరు "వదలమ్మా" అని అరిస్తేగాని వదలదు. అలాంటి మనిషిని పళ్ళు తీసి గ్లాసులో వేసి పడుకోమంటే ఎలా?

గౌతమి ఈలోగా చిన్న తాళంచెవి లాంటిది తీసింది. "గుండీలు విప్పి, లోపలంతా శుభ్రం చెయ్యాలి."

కొండలమ్మ ఆ అమ్మాయి మణికట్టు పట్టేసుకుంది. "పీకీకమ్మా."

"పీకడం లేదు. విప్పి, కడిగి, మళ్ళీ బిగిస్తాను. చూడండి, మీ కళ్ళముందే ఈ పళ్ళెంలో పెడతాను."

మత్తు సూది పడింది. గుండీలు రెండూ స్టీలు పళ్ళెంలో చిన్న చప్పుడు చేస్తూ పడ్డాయి. లోపల గీకుతున్నంతసేపూ, మందు నీళ్ళు చిమ్ముతున్నంతసేపూ కొండలమ్మ పళ్ళెం మీద నుంచి చూపు తిప్పలేదు. ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు చూసింది. తిరిగి బిగించాకే రెప్ప వేసింది.

"ఇప్పుడు సరిగ్గా వినండి," అంది గౌతమి. "కరిగిన ఎముక తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. కుడిది పర్వాలేదు. ఎడమదాని మీద నాకు నమ్మకం లేదు. వాపు తగ్గి, చీము ఆగితే ఉంచుతాను. లేకపోతే తీసెయ్యాలి. ఒకటి పోతే ఈ సెట్టు నిలబడదు. మళ్ళీ పాత కథే. నెల తరవాత రండి. రెండు వారాలు సెట్టు అసలు పెట్టొద్దు. పూటపూటా కడగాలి. రక్తం వచ్చినా ఆపకూడదు."

"రగతం వొచ్చినా?"

"వచ్చినా. కడక్కపోతే ఇంకా వస్తుంది."

మందుల చీటీ, మెత్తటి బ్రష్, గుండీ చుట్టూ తిప్పడానికి దూది దారం ఇచ్చారు. సెట్టుని సత్యవేణి టిఫిన్ డబ్బాలో పెట్టింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కొండలమ్మ ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. సరుకు నాసిరకమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుదామన్నా దవడ మొద్దుబారిపోయి ఉంది.

అరుగు మీద రామాయమ్మ ఎదురుచూస్తోంది. అడుగుల చప్పుడు వినగానే మొదలుపెట్టింది.

"వొచ్చినావా? బేగి కూసో. మన సీరియల్లో ఆ పడవావిడ అవతల గట్టుకి ఎళ్ళినాదా నేదా? నిన్న సరిగ్గా అక్కడే ఆపీసినావు."

"హాకు హళ్ళు హేవు," అంది కొండలమ్మ.

"ఏటి?"

"పళ్ళు తీసీసినారత్తా," అంది సత్యవేణి. ఎక్స్‌రే దగ్గర నుంచి చీము దాకా, గ్లాసు సంగతితో సహా మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. కొండలమ్మ ఎన్ని సైగలు చేసినా ఆగలేదు.

రామాయమ్మ అంతా విని, ఒళ్ళో చేతులు పెట్టుకుంది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది.

"ఏటే అప్పా ఆ నవ్వు?" మత్తు వదిలీ వదలని నోటితోనే కసిరింది కొండలమ్మ.

"నీకు గుర్తునేదేటే? నర్సరీలో కొత్తగా వొచ్చిన ఆడగుంటల్ని నువ్వు తిట్టిన తిట్లు! పుల్ల సిగురేసినా టోపీ తియ్యకపోతే, లోపల సెమ్మకి కుళ్ళిపోద్ది ముండల్లారా అని అరిసీదానివి. రెండు నెల్లయినా అంటుకి సుట్టిన ప్లాస్టిక్కు రిబ్బను కొయ్యకపోతే, పట్టుకున్న కాడినే కోసుకుపోద్దని బ్లేడు అట్టుకుని వరస వరస తిరిగీదానివి. 'కట్టడం ఎవుర్తికైనా వొస్తాది, యిప్పడం రావాలి' అని నా నెత్తి మీద మొట్టినావు కూడా. ఒక వరస అంట్లన్నీ నావల్లే సచ్చిపోనాయని."

నిజమే. అంటు కట్టాక పైన తొడిగే ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని వాళ్ళు టోపీ అనేవారు. కట్టిన కొత్తలో దాన్ని కదిపితే పాపం. చిగురు వేశాక తియ్యకపోతే అంతకంటే పాపం. కొండలమ్మ చేతులకి ఆ లెక్క నిద్రలో కూడా తెలుసు. సొంత నోటి దగ్గరికి వచ్చేసరికి సగం గుర్తుపెట్టుకుని సగం వదిలేసింది.

"అది మొక్క. ఇది నా దవడ," అంది ఎలాగో కూడబలుక్కుని.

"దవడకైతే సెమ్మ ఉండదేటి?"

కొండలమ్మ విసురుగా లేచి లోపలికి పోయింది. రామాయమ్మ వెనక నుంచి అరిచింది. "పోనీలే, ఆ పడవావిడ సంగతి ఒక్క ముక్క సెప్పీసి ఎళ్ళు! ఎళ్ళినాదా, మునిగినాదా?"

మర్నాడు పొద్దున్న పెరట్లో గోలెం గట్టు మీద అద్దం ఆనించుకుని కూర్చుంది కొండలమ్మ. నోరు తెరిచింది. ఎర్రటి చిగురులో రెండు మెరిసే బొడిపెలు. బ్రష్ దగ్గరికి తీసుకెళ్ళి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ తీసుకెళ్ళింది. తాకగానే రక్తం. చెయ్యి ఆగిపోయింది. ఎక్కడైనా రక్తం వస్తుంటే అక్కడే ఇంకా రుద్దుతారా? ఈ చదువుకున్న పిల్లలకి వేరేవాళ్ళ నోరంటే లెక్కలేదు. బ్రష్‌ని గోలెంలో విసిరికొట్టింది.

కాసేపటికి మళ్ళీ తీసింది.

బ్లేడు పట్టుకుని వంగి, అంటు కాడకి ఒరుసుకుపోయిన రిబ్బనుని కొయ్యడం గుర్తొచ్చింది. అప్పుడు కూడా కొత్తవాళ్ళు కళ్ళు మూసుకునేవారు, కాడ తెగిపోతుందని. తెగదు. చేతికి తెలుస్తుంది ఎంత నొక్కాలో. బ్రష్‌ని పక్కకి వంచి, చిగురూ లోహమూ కలిసే చోట మెల్లిగా తిప్పింది. ఉమ్మితే ఎర్రగా పడింది. ఇంకో గుండీ. మళ్ళీ ఎర్రగా. తిట్టుకుంటూ దారం చుట్టి లాగింది. గుండీ ఊడలేదు. కదలను కూడా లేదు.

ఆ నెల కొండలమ్మకి సాగినంత ఏ నెలా సాగలేదు. పొద్దున్న రక్తం తగ్గినట్టుంటే, సాయంత్రం మళ్ళీ వచ్చేది. దారం సగంలో చిక్కుకునేది. ఎడమవైపు చెయ్యి తిరగక అద్దంలో ఒకవైపు తోస్తే ఇంకోవైపు వెళ్ళేది. సత్యవేణి వచ్చి "నాను సెయ్యనా అత్తా?" అంటే, "నా నోరు నాకు నేదేటి?" అని తోసేసేది. మధ్యాహ్నం రామాయమ్మ అరుగు మీద ఊరికే కూర్చునేది. కట్టలోంచి కొండలమ్మ నాలుగు వాక్యాలు చదివేది. "ఏటే, పడవావిడ పేరు రోజుకో రకంగా ఉంది," అని రామాయమ్మ ఎత్తిపొడిచేది. ఇద్దరికీ విసుగొచ్చి ఊరుకునేవారు. చదివేదీ వినేదీ లేని మధ్యాహ్నం ఎంత పొడుగో కొండలమ్మకి ఆ నెలలో తెలిసింది. ఎడమ గుండీ తీసేస్తే బతికున్నన్నాళ్ళూ ఇంతే.

రెండు వారాలయ్యాక పగలు సెట్టు పెట్టుకోవచ్చన్నా పెట్టుకోలేదు. పెట్టుకుంటే మళ్ళీ తియ్యాలి. తన మీద తనకి నమ్మకం లేదు.

నెల తరవాత నర్సీపట్నం వెళ్తే మళ్ళీ కరెంటు లేదు. కొండలమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుంది. "ఈయేళ సూడకపోతే ఇక్కడే పడుకుంటాను," అని కాంపౌండరుతో గొడవపడింది. చివరికి కరెంటు వచ్చింది.

గౌతమి పుల్లతో కుడి గుండీ చుట్టూ తాకింది. రక్తం రాలేదు. ఎడమవైపు వచ్చింది, ఒక్క చుక్క. నొక్కింది. చీము లేదు. కొత్త ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూసింది. పాదు అలాగే ఉంది. పూడలేదు.

"ఇంతేనా?" అంది కొండలమ్మ. నెల్లాళ్ళు ఎర్రటి ఉమ్మి ఉమ్మినందుకు ఆ గుంట పూడి ఉంటుందని లోలోపల ఆశ పడింది.

"పెరగలేదు కదా. అదే గొప్ప. చిగురు గట్టిపడింది. ఉంచుతాను మామ్మగారూ. కానీ ఎడమది ఎన్నాళ్ళుంటుందో నేను మాటివ్వలేను. నాలుగు నెలలకోసారి వచ్చి చూపించుకోండి. సెట్టు పగలు పెట్టుకోండి, సాయంత్రం తీసెయ్యాల్సిందే."

"మాటివ్వలేనంటే ఎలగమ్మా?"

"ఎవరూ ఇవ్వలేరు."

ఆ మాట కొండలమ్మకి అస్సలు నచ్చలేదు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా దాన్నే నమిలింది. ఇంత చేసినా ఎన్నాళ్ళో చెప్పరు, ఇంత గీకినా పోయింది రాదు, ఇంకేమి వైద్యం? సత్యవేణి టిఫిన్ డబ్బాని అత్త ఒళ్ళోంచి తీసుకుని తన సంచిలో పెట్టింది. కొండలమ్మ ఒక చూపు చూసి, ఊరుకుంది.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని సెట్టు పెట్టి నొక్కింది. టక్. కట్ట విప్పింది. మొదటి వాక్యం స్పష్టంగా, గట్టిగా వచ్చింది. రామాయమ్మ గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది, చూపు లేకపోయినా వినేటప్పుడు మూసుకుంటుంది. పడవావిడ నడి ఏట్లో ఉంది. గాలి తిరిగింది. అవతలి గట్టు మీద ఎవరో లాంతరు ఊపుతున్నారు.

ఎండ అరుగు దిగి వాకిట్లోకి వెళ్ళేదాకా చదివింది. తరవాత కట్ట మూసి, బొటనవేళ్ళు నోట్లో పెట్టింది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది.

టక్.

"అదేటే?" అంది రామాయమ్మ. "అప్పుడే తీసీసినావా? గట్టు మీద ఉన్నది మొగుడో కాదో తేలనేదు. ఇంకొక్క పేజీ సదివీసి తియ్యకూడదేటి?"

"హుండీలు హడగాల."

"కడిగితే కడుగు. రేపు ఎట్టుకుంటావు కదా?"

సెట్టు గిన్నె నీళ్ళలో మునిగింది. కొండలమ్మ అది అడుక్కి చేరేదాకా చూసి, విసుగ్గా లేచి, పెరట్లోకి వెళ్తూ అద్దం తీసుకుంది.

"హెట్టుకోక?" అంది.